ఋతుచక్రంలో కవి – దేవులపల్లి కృష్ణశాస్త్రి

ఆకు రాలడం, చిగురు వేయడం ప్రకృతికి నిత్యకృత్యాలు. నల్లగొండ, పాలమూరు మెరకభూముల్లో మాఘమాసం దాటేసరికి గుట్టలమీది చెట్లు ఆకులు రాల్చి మోడులై నిలుస్తాయి. సరిగా ఆ సమయంలోనే, ఒక్క ఆకైనా లేని మోదుగకొమ్మలు నిప్పురంగు పూలతో నిండిపోతాయి. పల్లెల్లో పిల్లలు ఆ పూలను ఉడికించి హోలీ పండుగకు రంగు తీస్తారు. మరికొన్ని దినాలకు వేప పూస్తుంది, ఉగాది వస్తుంది. చూచేవారికి ఇది ఏటేటా జరిగే సామాన్యమైన సంగతి. కాని తనవారిని పోగొట్టుకొన్న మనిషి ఆ మోడును చూచినపుడు అతని మనస్సులో ఒక ప్రశ్న పుడుతుంది. చెట్టుకు వసంతం మరల వచ్చింది. మనిషికి కూడా వస్తుందా? ఈ ప్రశ్నకు యౌవనంలో ఒక సమాధానాన్ని, వార్ధక్యంలో మరొక సమాధానాన్ని చెప్పిన కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి. తెలుగులో భావకవిత్వానికి ఆయన పేరు పర్యాయపదం వంటిది. ఆయన జీవితమే ఒక ఋతుచక్రంగా సాగింది.

కృష్ణశాస్త్రి 1897వ సంవత్సరం నవంబరు 1వ తేదీన పిఠాపురం సమీపంలోని చంద్రంపాలెంలో జన్మించారు. ఆయనది పండితవంశం. తండ్రి తమ్మన్నశాస్త్రి, పెదతండ్రి సుబ్బరాయశాస్త్రి ఇద్దరూ కవులు. పిఠాపుర సంస్థానంలో గౌరవాదరాలు పొందినవారు. ఆ ఇంట ఉదయం లేచినది మొదలు పద్యాలు వినిపించేవి. అలంకారశాస్త్రం, ప్రబంధాలు, పురాణాలు చర్చకు వచ్చేవి. ఇటువంటి వాతావరణంలో పెరిగిన బాలునికి ఛందస్సు పాఠంగా గాక పలుకుబడిగా అబ్బింది. చిన్ననాటనే ఆయన పద్యం చెప్పడం నేర్చారు.

ఋతువులను వర్ణించడం తెలుగుకవులకు కొత్త కాదు. ప్రబంధానికి విధించిన అష్టాదశ వర్ణనలలో ఋతువర్ణన ఒకటి. ఆదికవి నన్నయ భారత రచన అరణ్యపర్వంలో ఆగిపోయిన చోటు కూడా శరత్కాలపు రాత్రుల వర్ణనయే కావడం సాహిత్య విద్యార్థులందరూ ఎరిగినదే. వర్షం వెలిసిన ఆకాశం, స్వచ్ఛమైన వెన్నెల, వికసించిన కలువలు మన ప్రాచీనకవుల శరత్తులో కనిపిస్తాయి. అయితే ఆ వర్ణనలలో కవి తన్ను తాను మరుగుపరచుకొంటాడు. ఋతువు కథకు నేపథ్యంగానో, నాయికా నాయకుల భావాలకు ఉద్దీపనగానో నిలుస్తుంది. ఇది నా శోకం, ఇది నా చలికాలం అని కవి తన పేర పలకడం ఆ సంప్రదాయంలో లేదు. ఆ మార్పు ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో తెలుగులోకి వచ్చింది. దానికి ఆంగ్లసాహిత్యంతో కలిగిన పరిచయం ఒక ముఖ్యకారణం.

పిఠాపురం హైస్కూలులో కృష్ణశాస్త్రికి కూచి నరసింహం గురువు. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రభావం ఆయనపై పడింది. మొదటివారు ఆంగ్లకవిత్వంలోని మాధుర్యాన్ని చవిచూపారు. రెండవవారు బ్రహ్మసమాజ భావాలను, సంఘసంస్కరణపై శ్రద్ధను కలిగించారు. వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్సు మొదలైన కాల్పనిక కవుల రచనలు ఆ తరం యువకుల చేతులలో తరచుగా కనిపించేవి. వారు ప్రకృతిని దూరాన నిలిచి వర్ణించలేదు. దానితో మాట్లాడారు, దానిలో తమ్ము తాము చూచుకొన్నారు.

ఇంగ్లాండులో సెప్టెంబరు నుండి నవంబరు వరకు గల కాలం శరత్తు. అది అక్కడ పండ్లు పండే కాలం, కోతల కాలం. ఆకులు రంగుమారి రాలే కాలం కూడా. విచిత్రమేమనగా ఆ ఋతువును గూర్చి ఆంగ్లంలో మిక్కిలి ప్రసిద్ధమైన రెండు గీతాలు 1819వ సంవత్సరపు ఒకే శరత్తులో పుట్టాయి. ఆ ఏడు సెప్టెంబరు 19న జాన్ కీట్సు వించెస్టరు పట్టణ సమీపంలోని పొలాలవెంట నడచివచ్చి శరత్తును సంబోధిస్తూ ఒక గీతం రాశాడు. అప్పటికి ఏడాదైనా నిండకముందే అతని తమ్ముడు క్షయవ్యాధితో మరణించాడు. అయినా ఆ గీతంలో ఏడుపు లేదు. మొదటి చరణంలో పండ్లు పక్వానికి వస్తాయి. రెండవ చరణంలో శరత్తు కోతకూలి రూపం దాల్చి, సగం కోసిన చాలు పక్కన అలసి నిద్రిస్తుంది. మూడవ చరణంలో సాయంకాలపు సంగీతం వినిపిస్తుంది. వలసపోవడానికి పక్షులు గుమికూడుతాయి. పండడం, కోయడం, వీడిపోవడం అనే మూడు దశలు మూడు చరణాలలో సాగి, ఒక దినమూ, ఒక ఋతువూ, ఒక జీవితమూ కలిసి ముగిసినట్లు అనిపిస్తుంది. తరువాత ఏడాదిన్నర గడవకుండానే, 1821 ఫిబ్రవరి 23న కీట్సు రోము నగరంలో అదే వ్యాధితో కన్నుమూశాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై అయిదేళ్ళు.

ఆ శరత్తులోనే షెల్లీ ఇటలీలోని ఫ్లారెన్సు సమీపాన ఒక వనంలో పడమటిగాలిని సంబోధిస్తూ మరొక గీతం రాశాడు. ఎండుటాకులను తరిమికొట్టే ఆ గాలియే విత్తనాలను మట్టిలోకి చేర్చి రానున్న వసంతానికి దాచిపెడుతున్నదని అతడు భావించాడు. నాశనం చేసేదీ, కాపాడేదీ ఒకే శక్తి అన్నది ఆ గీతంలోని భావం. ఈ విధంగా ఋతువర్ణన జీవనచక్రానికి వ్యాఖ్యానంగా మారింది.

ఈ గీతాలను చదివిన తెలుగు యువకునికి ఒక చిక్కు ఎదురవుతుంది. మన శరత్తు ఆకులు రాలే కాలం కాదు. ఆశ్వయుజ కార్తికాలలో మన చెట్లు పచ్చగానే ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. వెన్నెల పిండారబోసినట్లు కాస్తుంది. ఆంగ్లకవులు శరత్తులో చూచిన క్షీణదశను మనం చూడాలంటే హేమంత శిశిరాల వరకు ఆగాలి. ఆకు రాలే శిశిరానికి వెంటనే మనకు వసంతం వస్తుంది. అనగా మన దేశంలో మృత్యువుకూ పునర్జన్మకూ నడుమ ఎడం చాలా తక్కువ. కృష్ణశాస్త్రి పరదేశపు ఋతువులను తెచ్చి తెలుగుపద్యంలో పెట్టలేదు. ఆయన ఎన్నుకొన్నవి మన కృష్ణపక్షం, మన హేమంతం, మన ఉగాది, మన కోకిల. ఆంగ్లకవుల నుండి ఆయన గ్రహించినది తన అనుభవాన్ని తన గొంతుతో పలికే ధైర్యాన్ని మాత్రమే.

1918లో విజయనగరంలో పట్టభద్రులై కృష్ణశాస్త్రి కాకినాడకు తిరిగివచ్చారు. పెద్దాపురం మిషన్ హైస్కూలులో కొంతకాలం ఉపాధ్యాయులుగా పనిచేశారు. ఆ కాలంలో బ్రహ్మసమాజ ఉద్యమం, వ్యావహారిక భాషావాదం ఆంధ్రదేశంలో బలంగా వీస్తున్నాయి. అప్పటికే రాయప్రోలు సుబ్బారావు 1913లో తృణకంకణం ప్రకటించి నవ్యకవిత్వానికి తెరతీశారు. తరువాతి కాలంలో రాయప్రోలు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులై తెలంగాణ విద్యార్థులకు ఆ కవిత్వాన్ని సన్నిహితం చేశారు. రాయప్రోలు వేసిన బాటలో కృష్ణశాస్త్రి కవిగా అడుగుపెట్టారు.

1920లో ఆయన అనారోగ్యం పాలై చికిత్సకోసం బళ్ళారికి రైలులో ప్రయాణం చేశారు. కోస్తాప్రాంతం నుండి బళ్ళారి వైపు సాగే రైలుమార్గం గిద్దలూరు, నంద్యాలల నడుమ నల్లమల అడవుల గుండా పోతుంది. ఇదే నల్లమల కృష్ణానదికి ఉత్తరాన అమ్రాబాదు పీఠభూమిగా పాలమూరు సీమలోకి వ్యాపించి నల్లగొండ సరిహద్దులను తాకుతుంది. కొండలు, లోయలు, సెలయేళ్ళు, చెట్ల నీడలు ఆ యువకవి హృదయాన్ని కదిలించాయి. ఆ ప్రయాణంలో కలిగిన స్పందన కృష్ణపక్షం కావ్యానికి ప్రేరణ అయింది. వనంలోని ఆకుతో, పువ్వుతో, కొమ్మతో ఒకటై, ఎలాగైనా ఆ అడవిలోనే మిగిలిపోవాలని కోరుకొనే ఖండిక ఆ కావ్యంలోనిదే. చిన్నగాలిలో అలగా, సెలయేటి పాటలో భాగంగా మారాలని అందులో కవి తహతహలాడుతాడు. ఆకలిదప్పులను, చింతలను మరచి ఒంటరిగా తిరుగాడే ఉన్మాదం అందులో కనిపిస్తుంది.

పైకి చూస్తే ఇది ఆనందగీతం. కొంత నిదానించి ఆలోచిస్తే ఇందులో ఒక లోతైన కోరిక దాగి ఉంది. రోగియై పరవూరికి పోతున్న మనిషి తన దేహాన్ని వదలి ఆకుగా మారాలనుకొంటున్నాడు. కాని ఆకు శాశ్వతం కాదు. ఈనాడు పచ్చగా ఊగిన ఆకు మాఘ ఫాల్గుణాలలో నేలరాలుతుంది. ఆకుగా బ్రదకాలని కోరినవాడు ఆకువలె రాలడానికి కూడా అంగీకరించాలి. అప్పటికి ఇరవై రెండేళ్ళు నిండిన ఆ కవికి ఈ సత్యం ఇంకా అనుభవంలోకి రాలేదు. దానిని నేర్పే సంఘటన ఎంతో దూరంలో లేదు.

1922లో కృష్ణశాస్త్రి భార్య మరణించారు. ఈ వియోగం ఆయన కవిత్వాన్ని శోకమయం చేసింది. 1925లో కృష్ణపక్షం ప్రకటితమైంది. పేరులోనే చీకటి ఉంది. దినదినమూ చంద్రకళ తరిగిపోయే పక్షమది. తరువాత వెలువడిన ప్రవాసం, ఊర్వశి కావ్యాలలో విరహం, అన్వేషణ, అందరాని సౌందర్యంకోసం ఆరాటం ప్రధానమయ్యాయి. ఆయన ఖండికలలో మిక్కిలి ప్రసిద్ధి పొందిన ఒకదానిలో కవి తన జీవితంలో కొత్త సంవత్సరం అడుగుపెట్టదని, తూరుపు తెల్లవారదని ప్రకటిస్తాడు. తాను చలికాలపు చీకటిరాత్రినని, ఆ రాత్రికి అంతు లేదని అంటాడు. తన శోకం ఎటువంటిదో, తన బ్రదుకు ఎటువంటిదో, తన కాలం కూడా అటువంటిదేనని వాపోతాడు.

ఈ ఖండిక విశిష్టతను గుర్తించాలి. కీట్సు, షెల్లీలిద్దరూ ఋతుచక్రాన్ని అంగీకరించారు. కృష్ణశాస్త్రి ఆ చక్రాన్నే ఆపివేశారు. లోకానికి ఆరు ఋతువులుండగా తనకు ఒకే ఋతువు మిగిలిందన్నారు. హేమంతం తరువాత శిశిరం, శిశిరం తరువాత వసంతం రావడం ప్రకృతిధర్మం. దుఃఖంలో మునిగిన మనస్సు ఆ ధర్మాన్ని నమ్మలేదు. ఆప్తులను పోగొట్టుకొన్న ఎవరికైనా ఆ స్థితి అనుభవమే. పక్కింట పండుగ జరుగుతూ ఉంటుంది. తన ఇంట దీపం వెలగదు. ఊరందరికీ తెల్లవారుతుంది, తనకు తెల్లవారదు. అందుచేతనే తమ సొంత దుఃఖాన్ని పలికినట్లుగా ఆ పద్యాన్ని ఆ తరం పాఠకులు కంఠస్థం చేశారు.

కృష్ణశాస్త్రి కేవలం కూర్చొని దుఃఖించినవారు కారు. పిఠాపురం హైస్కూలులో అధ్యాపకులుగా కొంతకాలం పనిచేసి, ఆ ఉద్యోగాన్ని వదలి సంఘసంస్కరణలో పాల్గొన్నారు. బంధువుల విమర్శలను లెక్కచేయక హరిజనోద్ధరణ కార్యక్రమాలలో నిలబడ్డారు. కళావంతుల కుటుంబాలలో పుట్టిన స్త్రీలకు వివాహాలు జరిపించడానికి ఊరూరా తిరిగారు. తన బ్రదుకులో వసంతం లేదని రాసిన చేతితోనే ఇతరుల బ్రదుకులలో వసంతానికి ఆయన దారి వేశారు. 1929లో విశ్వకవి రవీంద్రనాథ టాగూరును కలిసికొన్నారు. ఆ పరిచయం ఆయన భావుకతకు మరింత గాంభీర్యాన్ని ఇచ్చింది. అనంతరం కాకినాడ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

ఆ రోజులలో కృష్ణశాస్త్రికి గల ఆకర్షణ నేటివారు ఊహించలేనిది. నవ్యసాహితీసమితి సభ్యులుగా ఆయన ఊరూరా సభలలో భావకవిత్వాన్ని ప్రచారం చేశారు. ఆయన ఉపన్యసిస్తే సభ నిశ్శబ్దమయ్యేది. పద్యం చదివితే శ్రోతల కళ్ళు చెమర్చేవి. ఆయన గిరజాల జుట్టును, వేషధారణను యువకులు అనుకరించారు. అనుకరణ శ్రుతిమించినపుడు పరిహాసం బయలుదేరింది. ఏ కష్టమూ ఎరుగనివారు కూడా కన్నీటి పద్యాలు రాయసాగారు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి వంటి పేరడీ రచయితలు ఆ ధోరణిని చురుక్కుమనిపించారు. మొదట కృష్ణశాస్త్రి ప్రభావంలో పద్యాలు రాసిన శ్రీశ్రీ ముప్పయ్యవ దశకంలో ఆ బాట వీడి శ్రమజీవుల పక్షాన కొత్త కవిత్వానికి శ్రీకారం చుట్టారు. భావకవిత్వపు వసంతం కూడా ఈ విధంగా ముగిసింది. సాహిత్యంలోనూ ఋతువులు మారుతాయి.

యుగం మారినపుడు చాలామంది కవులు మౌనం వహిస్తారు. కృష్ణశాస్త్రి మౌనం వహించలేదు; మాధ్యమాన్ని మార్చారు. ఆకాశవాణికోసం లలితగేయాలు, సంగీత రూపకాలు రచించారు. బి. ఎన్. రెడ్డి దర్శకత్వంలో 1951లో విడుదలైన మల్లీశ్వరి చిత్రానికి పాటలు రాశారు. పుస్తకం చదవలేని వారికి కూడా ఆయన మాట పాటగా చేరింది. ఖండకావ్యంలో నేను అని పలికిన కవి, పాటలో ఇతరుల గొంతుతో, ఇతరుల సుఖదుఃఖాలను పలకవలసి వచ్చింది. ఈ మార్పు ఆయన కవిత్వానికి మేలు చేసింది. తన దుఃఖం అనే గదిలోనుండి ఆయన పదిమంది తిరిగే వాకిటిలోకి వచ్చారు.

1963లో మరొక హేమంతం ఎదురయింది. గొంతుకు సోకిన వ్యాధి కారణంగా కృష్ణశాస్త్రి స్వరం కోల్పోయారు. దశాబ్దాలపాటు సభలను మంత్రముగ్ధం చేసిన కంఠం మూగవోయింది. అంతకుముందు పెదవులతో పలికిన మాటలను ఇకపై కాగితాలపై రాసి చూపవలసి వచ్చింది. ఆయనను ప్రేమించినవారందరికీ ఇది గొప్ప విషాదం. తనకు ఉదయం లేదని యౌవనంలో రాసిన కవికి, ఆ మాటను మరల అనుకోవడానికి ఇంతకంటె తగిన సమయం ఉండదు. అప్పటికి ఆయనకు అరవై అయిదేళ్ళు నిండాయి. కలం కింద పెట్టినా తప్పుపట్టేవారు లేరు.

ఆయన కలం కింద పెట్టలేదు. 1968లో సుఖదుఃఖాలు చిత్రానికి రాసిన పాటలో ఒక కోకిల కథ ఉంది. ఇంకా రాని మల్లెల కాలాన్ని వచ్చిందనుకొని, తొందరపాటుతో ముందే పాడిన కోకిల అది. వేసవి ఎండ, వానకాలపు ముసురు తన్ను ఏమి చేయగలవో ఎరుగక ఎగిరి, రెక్కలు చిరిగి నేలకు ఒరుగుతుంది. ఋతువును తప్పుగా అర్థం చేసికొన్న ప్రాణి పొందిన శిక్ష అది. అయితే పాట అక్కడ ఆగదు. వాడిపోతున్న తీగకు ఎదురుగా వాడిపోని వసంతం నడచివస్తుందని కవి ధైర్యం చెబుతాడు. యౌవనంలో ఆగిపోయిన ఋతుచక్రం ఈ పాటలో మరల కదిలింది.

అదే సంవత్సరం విడుదలైన ఉండమ్మా బొట్టుపెడతా చిత్రంలో హరిదాసు పాడే పాట కూడా కృష్ణశాస్త్రిదే. హరిదాసులు ధనుర్మాసంలో ఇంటింటికీ వస్తారు. ధనుర్మాసం హేమంత ఋతువులోనిది. తనది అంతులేని చీకటిరాత్రియని ఒకనాడు ఏ ఋతువును పేర్కొన్నారో ఆ ఋతువునే ఆయన మరల చేపట్టారు. కాని ఈసారి ఆ హేమంతంలో తెల్లవారుతుంది. పల్లె మేలుకొంటుంది, ప్రతి ఇల్లూ కళ్ళు తెరుస్తుంది. వాకిళ్ళలో కళ్ళాపి పడుతుంది, గడపకు పసుపు ఎక్కుతుంది. పాలిచ్చే ఆవుకు, దుక్కిదున్నే ఎద్దుకు పూజ జరుగుతుంది. గాదెలలో ధాన్యం నిండాలని, కష్టపడే కాపు కలకాలం సుఖంగా ఉండాలని కవి దీవిస్తాడు. గొంతు లేని కవి రాసిన ఆ మేలుకొలుపు నేటికీ సంక్రాంతి దినాలలో తెలుగు లోగిళ్ళలో వినిపిస్తున్నది.

ఈ రెండు హేమంతాలను పక్కపక్కన ఉంచి చూడాలి. మొదటిది ఒంటరివాని హేమంతం. అందులో చలి, చీకటి తప్ప మరేమీ లేదు. రెండవది ఊరి హేమంతం. అందులోనూ చలి ఉంది, కాని కల్లంలో గింజ కూడా ఉంది. దక్షిణ తెలంగాణ పల్లెలకు ఈ సంగతి విడమరచి చెప్పనవసరం లేదు. వానపై ఆధారపడిన మెరకచేలలో కంది ఎండి కోతకు వచ్చేది ఈ చలిదినాలలోనే. కోసిన తరువాత చేను బోసిపోతుంది. ఇంట గుమ్మి నిండుతుంది. చేనివైపు చూచినవానికి అది అంతం. గుమ్మివైపు చూచినవానికి రానున్న ఏటికి విత్తనం. కీట్సు కోతకూలిలో, షెల్లీ మట్టిలో దాగిన విత్తనంలో చూచినది ఇదే. కృష్ణశాస్త్రి దీనిని గ్రంథాలలో యౌవనంలోనే చదివారు. బ్రదుకులో తెలిసికొనడానికి మాత్రం నలభై సంవత్సరాలకు పైగా పట్టింది.

అయితే ఒక విషయాన్ని మరువరాదు. వసంతం వచ్చినపుడు చిగురించేది చెట్టు. రాలిన ఆకు మాత్రం తిరిగి కొమ్మను చేరదు. పోయిన మనిషి తిరిగిరాడు. మూగవోయిన కంఠం మరల పలకలేదు. కృష్ణశాస్త్రి చివరికాలపు పాటలు ఈ నష్టాన్ని లేదని చెప్పవు. తాను పాడలేకపోయినా తన మాటను పాడే గొంతులు ఉన్నాయని, తన ఇంట దీపం ఆరినా ఊరికి తెల్లవారుతుందని, ఆ వెలుగును చూచి సంతోషించగలవాడే నిజమైన కవి అని ఆయన జీవితం చెబుతుంది. అడవిలో ఆకుగా మారాలని కోరినవాడు, చివరకు ఆ ఆకు రాలిన తరువాత కూడా నిలిచే చెట్టును ప్రేమించగలిగాడు.

సాహిత్యలోకం ఆయనను ఆలస్యంగానైనా గౌరవించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1975లో కళాప్రపూర్ణ బిరుదును ఇచ్చింది. భారత ప్రభుత్వం 1976లో పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1978లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఎనభై ఏళ్ళు పైబడిన వయస్సులో కూడా ఆయన పాటలు రాస్తూనే ఉన్నారు. 1978లో విడుదలైన సీతామాలక్ష్మి, 1979లో విడుదలైన గోరింటాకు చిత్రాలలోని పాటలు అందుకు నిదర్శనం.

1980వ సంవత్సరం ఫిబ్రవరి 24వ తేదీన కృష్ణశాస్త్రి కన్నుమూశారు. అది శిశిర ఋతువు. ఉగాదికి ఇంకా కొన్ని వారాలున్నాయి. పంచాంగం ప్రకారం అది ఫాల్గుణ శుక్లపక్షం. కృష్ణపక్ష కవి చంద్రకళ పెరిగే పక్షంలో వెళ్ళిపోయారు. రెండేళ్ళ తరువాత 1982లో విడుదలైన మేఘసందేశం చిత్రంలో ఆయన గీతాలను కొన్నింటిని చేర్చారు. అడవిలో ఆకుగా, పువ్వుగా నిలిచిపోవాలన్న తొలినాటి ఖండిక అందులో పాటగా వినిపించింది. హృదయంలోకి చలికాలాన్ని రానివ్వవద్దని వేడుకొనే గీతం కూడా అదే చిత్రంలో ఉంది. 1920లో రోగియైన ఒక యువకుడు అడవిదారిలో అల్లిన మాటలను, కవి మరణించిన తరువాత పుట్టిన తరాలు కూడా పాడుకొంటున్నాయి.

ఋతువులు మనిషి కోసం ఆగవు. మనిషి దుఃఖాన్ని చూచి త్వరపడవు. తన వంతు చలికాలాన్ని ప్రతి ఒక్కరూ అనుభవించవలసినదే. ఆ కాలంలో తెల్లవారదనుకోవడం తప్పు కాదు. అది దుఃఖం పలికించే మాట. కాని ఆ మాట దగ్గరనే జీవితాన్ని ముగించక, మరొక ఉదయంవరకు పనిచేస్తూ వేచి ఉండడంలో మనిషి ఔన్నత్యం ఉంది. కృష్ణశాస్త్రి వేచి ఉన్నారు. ఆయనకు తెల్లవారింది. ఆ వెలుగులో ఆయన మొదట చూచినది తనను కాదు, కళ్ళాపి చల్లిన పల్లె వాకిళ్ళను.